గోల్డ్‌ఫిష్ ట్యాంకుకు ఏ యాంటీ క్లోరిన్ కొనాలి?

మీరు చెప్పిన వివరాలు ఇవి: 100 లీటర్ల ట్యాంకు, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంటు, నల్లా నీళ్ళూ బోరు నీళ్ళూ కలిసే సంపు, నీళ్ళు మార్చాక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం.

యాంటీ క్లోరిన్ అంటే నీళ్ళలోని క్లోరిన్‌ను పోగొట్టే మందు. ఏ సీసా కొన్నా, అంతకంటే ముందు క్లోరిన్ పరీక్ష కిట్ కొనండి. ఈత కొలనుల సామాను అమ్మేచోట ఆర్థోటాలిడిన్ కిట్ దొరుకుతుంది. నీళ్ళలో చుక్కలు వేయగానే పసుపు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలి. అది మనకు మంచిదే. చేప మొప్పలకు మాత్రం 0.02 దాటినా ఇబ్బందే. సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజున ఈ లెక్క ఎన్నో రెట్లు పెరగొచ్చు. సీసా మీద రాసిన డోసు ఆ రోజు సరిపోదు, చాలా ట్యాంకులు దెబ్బతినేది అప్పుడే. పరీక్ష చేసిన నీళ్ళు సింకులో పారబోయండి. ఆ రసాయనం విషం, ట్యాంకులో పడకూడదు.

ఇక మందు సంగతి. మన నల్లాల్లో మామూలుగా వచ్చేది క్లోరినే కాబట్టి సోడియం థయోసల్ఫేట్ చాలు. ఖరీదైన సీసా అక్కర్లేదు. రొయ్యల హేచరీల్లోనూ బ్లీచింగ్ చేసిన సముద్రపు నీటిలో మిగిలిన క్లోరిన్‌ను దీనితోనే పోగొడతారు. 'హైపో' పేరుతో స్ఫటికాలు దొరుకుతాయి. ఫోటోలు కడగడానికి కలిపి అమ్మే ఫిక్సర్ ద్రావణం మాత్రం వద్దు, అందులో వేరే రసాయనాలు కలిసి ఉంటాయి. 10 గ్రాముల స్ఫటికాలను కొంచెం ఆర్ఓ నీళ్ళలో కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేలా నీళ్ళు కలిపి, ముదురు రంగు సీసాలో పోసి ఉంచండి. అడుగున తెల్లగానో పసుపుగానో పొడి పేరుకుంటే పారేసి కొత్తది కలుపుకోండి.

1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు 7 మిల్లీగ్రాముల స్ఫటికాలు వాడడం భద్రమైన లెక్క. మీరు 30 లీటర్లు మారుస్తున్నారనుకుందాం. కిట్ లీటరుకు 1 మి.గ్రా. చూపిస్తే 210 మి.గ్రా. కావాలి, అంటే మీ ద్రావణం 2 మి.లీ. కంటే కాస్త ఎక్కువ. 3 చూపిస్తే 6.3 మి.లీ. సూది లేని సిరంజితో కొలిచి, ట్యాంకులో కాకుండా బకెట్లోనే వేసి కలపండి. ఐదు నిమిషాలాగి మళ్ళీ పరీక్షించండి. పసుపు ఏమాత్రం కనిపించకపోతేనే పోయండి. బకెట్లో వేయకుండా నేరుగా ట్యాంకులో వేసేవాళ్ళు ట్యాంకు మొత్తం నీటికి లెక్క వేసుకోవాలి.

నీళ్ళను నీలంగా మార్చే చుక్కలను కూడా యాంటీ క్లోరిన్ అని అమ్ముతుంటారు. అది మిథిలీన్ బ్లూ కావొచ్చు. అది వేరే పనులకు వాడే మందు, ఫిల్టర్లోని మంచి బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. సీసా మీద అందులో ఏముందో రాయకపోతే కొనకండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఈ సలహా సగమే పనికొస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో, డల్లాస్ లాంటి చోట్ల నీటిలో క్లోరామిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన రసాయనం) ఉంటుంది. రాత్రంతా బకెట్లో ఉంచినా పోదు. థయోసల్ఫేట్ వేస్తే క్లోరిన్ పోతుంది కానీ అమ్మోనియా విడుదలవుతుంది. నీటి పీహెచ్ 8 దాటితే అది మరింత ప్రమాదం. అక్కడ అమ్మోనియాను కూడా పట్టే కండిషనర్ (నీటిని చేపలకు అనువుగా మార్చే మందు) కావాలి. అలాంటి మందు సీకెమ్ ప్రైమ్ వాడితే 200 లీటర్లకు 5 మి.లీ. డోసు.

ఇప్పుడు మీ చేపల సంగతి. పోసిన వెంటనే పైకొస్తే మూడు చూడండి: క్లోరిన్ మిగిలి ఉండడం, మిద్దె ట్యాంకులో కాగిన నీళ్ళు పోయడం, బోరు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండడం. బోరు నీటి సమస్యకు ఏ సీసా మందూ లేదు. ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి కొన్ని గంటలు గాలి ఆడించాలి. వేసవిలో నీళ్ళు తెల్లవారుజామున పట్టుకోండి. ట్యాంకు నీటికీ కొత్త నీటికీ 2 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. వెంటనే కాకుండా రెండు రోజులకు నీరసపడితే, ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడిగి ఉంటారు. బ్యాక్టీరియా చచ్చి అమ్మోనియా పెరిగి ఉంటుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండాలి.

నీళ్ళ కాఠిన్యాన్నీ (హార్డ్‌నెస్), ఫ్లోరైడునూ కండిషనర్ మార్చదు.