టెక్ సందేహాలు: డీర్స్‌లో పేరుంటే హక్కు ఉన్నట్టేనా?

ఈసారి ప్రశ్నలన్నీ అమెరికా సైన్యంలో పనిచేస్తున్న, చేసి విరమించిన తెలుగువారి ఇళ్ల నుంచి వచ్చినవి. రాసినవారంతా విడాకుల దారిలో ఉన్నవారే. అడిగింది పోర్టళ్లు, పాస్‌వర్డ్‌లు, పీడీఎఫ్‌ల గురించే అయినా, ప్రతి ప్రశ్న వెనుకా వైద్య బీమానో పింఛనో ఉంది. ఒక్క గడువు దాటితే తిరిగి రానివి కొన్ని ఉన్నాయి. అందుకే మామూలు చిట్కాలను పక్కన పెట్టి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా వివాహం 21 ఏళ్లు నిలిచింది. పెళ్లినాటికే ఆయనకు 6 ఏళ్ల సర్వీసు ఉంది. తర్వాత మరో 16 ఏళ్లు చేసి రిటైరయ్యారు. గత నెల విడాకులు మంజూరయ్యాయి. మిల్‌కనెక్ట్ అనే సైనిక పోర్టల్‌లో నాకు ట్రైకేర్ (సైనిక కుటుంబాల వైద్య బీమా) ఇంకా ఉన్నట్టే కనిపిస్తోంది. వాడుకోవచ్చా?

తెరను నమ్మి వాడుకోకండి. మిల్‌కనెక్ట్ తనంతట తానుగా ఏదీ నిర్ణయించదు. సైనికుల, వారి కుటుంబాల అర్హతలు నమోదయ్యే డీర్స్ అనే డేటాబేస్‌లో ఏముందో అదే చూపిస్తుంది. స్పాన్సర్, అంటే మీ మాజీ భర్త, విడాకుల డిక్రీ చూపించి నమోదు చేయించేదాకా డీర్స్‌కు మీ విడాకుల సంగతే తెలియదు. అర్హత మాత్రం చట్టం ప్రకారం విడాకుల తేదీనే మారిపోతుంది. ఆ తర్వాత పాత కార్డుతో చేయించుకున్న చికిత్స ఖర్చును తిరిగి కట్టమని అడిగే అవకాశం ఉంది.

ఇక మీ అర్హత సంగతి. పెళ్లి 20 ఏళ్లు, సర్వీసు 20 ఏళ్లు, ఆ రెండూ కలిసి నడిచిన కాలం కూడా 20 ఏళ్లు ఉంటే మాజీ భాగస్వామికి ట్రైకేర్ కొనసాగుతుంది. మళ్లీ పెళ్లి చేసుకున్నా, ఉద్యోగం ద్వారా వచ్చే బీమాలో చేరినా పోతుంది. మీ విషయంలో మొదటి రెండు షరతులూ నెగ్గాయి కానీ, కలిసి నడిచింది 16 ఏళ్లే. అది 15కు పైన, 20కి లోపు ఉంది కాబట్టి మీకు విడాకుల తేదీ నుంచి ఒక్క ఏడాది మాత్రమే ట్రైకేర్ వర్తిస్తుంది. అది కూడా ఆయన నంబరు కింద కాదు, మీ సొంత పేరున, మీ సొంత నంబరుతో.

ఆ నమోదు కోసం ఆయన కదిలేదాకా ఆగనక్కర్లేదు. ఐడీ కార్డ్ ఆఫీస్ ఆన్‌లైన్ పేజీలో మీరే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వివాహ ధ్రువపత్రం, విడాకుల డిక్రీ, ఆయన సర్వీసు వివరాలున్న డీడీ 214 వెంట తీసుకెళ్లండి. ఏడాది ముగిశాక కంటిన్యూడ్ హెల్త్ కేర్ బెనిఫిట్ ప్రోగ్రామ్ అనే పథకాన్ని ప్రీమియం కట్టి 36 నెలల వరకు తీసుకోవచ్చు. అయితే ట్రైకేర్ ఆగిన 60 రోజుల్లోపు అందులో చేరాలి. తెర మీద పాత సమాచారం చూసి నిశ్చింతగా కూర్చున్నవారికి ఈ 60 రోజులు తెలియకుండానే గడిచిపోతాయి. నన్ను కలవరపెట్టేది అదే.

పిల్లల గురించి దిగులు పడకండి. కన్న పిల్లలు, దత్తత తీసుకున్న పిల్లల అర్హత మీ విడాకులతో పోదు. ఆయన దత్తత తీసుకోని సవతి పిల్లలుంటే మాత్రం వారి అర్హత విడాకులతోనే ముగుస్తుంది.

ప్రశ్న: మాది 8 ఏళ్ల వివాహం. భర్త 16 ఏళ్లుగా సర్వీసులో ఉన్నారు. విడాకుల తర్వాత వచ్చే పింఛను వాటా లెక్కగట్టే ఒక ఉచిత కాలిక్యులేటర్‌లో వివరాలు నింపితే, పదేళ్లు నిండలేదు కాబట్టి వాటా సున్నా అని వచ్చింది. ఇంకొకదానిలో నెలకు 900 డాలర్లు అని వచ్చింది. ఏది నిజం?

రెండూ తప్పే. కారణాలు వేరువేరు.

సైనిక పింఛనును విడాకుల్లో పంచడానికి వీల్లేదని 1981లో మెకార్టీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాదే, 1982లో, కాంగ్రెస్ ఒక చట్టం చేసి పంచే అధికారాన్ని రాష్ట్రాల కోర్టులకు ఇచ్చింది. అందులో పదేళ్ల నిబంధన ఉన్న మాట నిజమే కానీ, అది వాటాకు సంబంధించినది కాదు. పెళ్లి, సర్వీసు కలిసి పదేళ్లు నడిస్తే మీ వాటాను డీఫాస్, అంటే సైనిక చెల్లింపుల సంస్థ, నేరుగా మీ ఖాతాకు పంపుతుంది. నడవకపోతే కోర్టు ఇచ్చిన వాటాను ఆయనే మీకు చెల్లించాలి. హక్కు వేరు, చెల్లింపు మార్గం వేరు. మొదటి కాలిక్యులేటర్ ఈ రెండింటినీ కలిపేసింది. ఇదే పొరపాటును నేను చాలా యాప్‌లలో చూశాను. ఎనిమిదేళ్లే కదా అని వాటా అడగకుండానే సంతకం పెట్టేసేవారికి దీనివల్ల జీవితాంతం నష్టం.

రెండో కాలిక్యులేటర్ 2016 డిసెంబర్ 23న వచ్చిన మార్పును పట్టించుకోలేదు. ఆ తర్వాత మంజూరైన విడాకుల్లో, ఇంకా సర్వీసులో ఉన్నవారి పింఛనును విడాకుల నాటి జీతం, విడాకుల నాటి సర్వీసు ఆధారంగానే లెక్కగట్టాలి. రిటైరయ్యేలోపు వచ్చే పదోన్నతుల లాభం మాజీ భాగస్వామికి అందదు. ధరల పెరుగుదలకు తగిన సవరణ మాత్రం కలుస్తుంది.

అంకెల్లో చూద్దాం. విడాకుల నాటికి ఆయన అత్యధిక 36 నెలల మూల వేతనం సగటు 6,000 డాలర్లు అనుకోండి. పాత పింఛను పద్ధతిలో ఏడాదికి 2.5 శాతం చొప్పున 16 ఏళ్లకు 40 శాతం, అంటే 2,400 డాలర్లు. పదహారులో ఎనిమిదేళ్లు వివాహ కాలం కాబట్టి అందులో సగం ఇద్దరి ఉమ్మడి సంపాదన. దానిలో సగం మీకు వస్తే 600 డాలర్లు. ఆయన 20 ఏళ్లకు రిటైరై, కోర్టు ఆదేశం పదహారుకు బదులు ఆ ఇరవైతో భాగించమంటే అది 480 అవుతుంది. ఏ సంఖ్యతో భాగించాలనేది రాష్ట్రాన్ని బట్టీ, ఆదేశంలోని మాటలను బట్టీ మారుతుంది. మీకు 900 చూపించిన యాప్ బహుశా రిటైరయ్యేనాటి పెద్ద జీతాన్ని ఊహించుకుని ఉంటుంది.

యాప్‌లు అడగనివి మరో రెండున్నాయి. ఆయన బ్లెండెడ్ అనే కొత్త పింఛను పద్ధతిలో ఉంటే 2.5కు బదులు 2 శాతంతో లెక్కగట్టాలి. 2018 నుంచి చేరినవారంతా అందులోనే ఉన్నారు. అంతకుముందు చేరినవారిలోనూ కొందరు దానికి మారారు. రెండోది, ఆయన రేపు వైకల్య పరిహారం కోసం పింఛనులో కొంత వదులుకుంటే మీ వాటా తగ్గవచ్చు. ఆ తగ్గినదాన్ని ఆయన చేత భర్తీ చేయించే అధికారం రాష్ట్ర కోర్టులకు లేదని 2017లో హోవెల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

కాలిక్యులేటర్లను పక్కన పెట్టి మామూలు స్ప్రెడ్‌షీట్ తెరవండి. పెళ్లి తేదీ, సర్వీసులో చేరిన తేదీ, విడాకుల తేదీ, ఆ నాటి 36 నెలల సగటు జీతం రాయండి. ఆ సగటు, సర్వీసు కాలం కోర్టు ఆదేశంలో స్పష్టంగా ఉండాలి. లేకపోతే వాటా లెక్క ముందుకు సాగదు. ఈ సంగతి మీ న్యాయవాదికి తప్పక గుర్తు చేయండి.

ప్రశ్న: ఆయన జీతం వివరాలు కావాలి. సైనిక జీతాల పోర్టల్ మైపే పాస్‌వర్డ్ నాకు ఎప్పటినుంచో తెలుసు. లోపలికి వెళ్లి ఎల్‌ఈఎస్‌లు (జీతం పత్రాలు) డౌన్‌లోడ్ చేసుకోవచ్చా?

చేయకండి. కాపురం బాగున్నప్పుడు చెప్పిన పాస్‌వర్డ్ విడిపోయాక అనుమతిగా చెల్లకపోవచ్చు. అనుమతి లేకుండా మరొకరి ఖాతాలో చొరబడటాన్ని శిక్షించే ఫెడరల్ చట్టాలు 1986 నుంచి ఉన్నాయి. పైగా ఇది ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ. మైపేలో చూడటానికి మాత్రమే వీలిచ్చే పరిమిత లాగిన్‌ను సర్వీసులో ఉన్నవారు తమ భాగస్వామి కోసం ఏర్పాటు చేయవచ్చు. ఆయన మీకు అలాంటిది ఇచ్చి ఉంటే, ఇంకా ఉపసంహరించుకోకపోతే, అది వేరే సంగతి. లేదంటే కోర్టు ద్వారా న్యాయవాది అడిగితే ఆ కాగితాలు ఆయన ఇవ్వక తప్పదు. స్థావరంలోని న్యాయ సహాయ కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది. అయితే ఒకే కార్యాలయం ఇద్దరి పక్షానా నిలబడదు. ఆయన ముందే వెళ్లి ఉంటే మీరు మరో కార్యాలయాన్ని అడగాలి.

ప్రశ్న: నా ఫోన్ నంబరు ఆయన పేరున ఉన్న ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంది. బ్యాంకు, ఈమెయిల్ ఓటీపీలన్నీ దానికే వస్తాయి. నేను ఎక్కడున్నానో ఆయనకు తెలిసిపోతోందని అనుమానం.

క్రమం ముఖ్యం. ముందుగా ఆయన చేతిలో ఎన్నడూ లేని పరికరం నుంచి కొత్త ఈమెయిల్ తెరవండి. ఓటీపీలను ఆథెంటికేటర్ యాప్‌కు మార్చండి. ఆ తర్వాతే నంబరు జోలికి వెళ్లండి. ప్లాన్ యజమాని ఆ లైనును ఆపేస్తే మీ బ్యాంకు ఖాతా మీకే తెరుచుకోదు. ఐఫోన్‌లో సేఫ్టీ చెక్ అనే సెట్టింగ్ ఉంది. మీ లొకేషన్, ఫొటోలు ఎవరికి చేరుతున్నాయో చూపించి, అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాలోని పరికరాల జాబితా, మ్యాప్స్‌లోని లొకేషన్ షేరింగ్ విడివిడిగా చూడాలి.

ఇంట్లో హింస ఉంటే లొకేషన్‌ను హఠాత్తుగా ఆపడం వల్ల ప్రమాదం పెరగవచ్చు. ముందు సహాయ కేంద్రం వారితో మాట్లాడండి. అలాంటి బాధితుల కోసం 2022లో సేఫ్ కనెక్షన్స్ చట్టం వచ్చింది. తగిన ఆధారంతో అడిగితే టెలిఫోన్ కంపెనీ రెండు పనిదినాల్లో మీ లైనును, మీ దగ్గర ఉన్న పిల్లల లైన్లను ఉమ్మడి ప్లాన్ నుంచి విడదీయాలి. ప్లాన్ యజమాని ఒప్పుకోవాల్సిన పని లేదు.

ప్రశ్న: నేను సర్వీసులో ఉన్నాను. విడాకులయ్యాక డీర్స్‌లో మాజీ భార్య పేరు తీయించాను. ఎస్‌జీఎల్‌ఐ జీవిత బీమా నామినీ, టీఎస్‌పీ (రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా) నామినీ వాటంతట అవే మారిపోతాయి కదా?

మారవు. ఎస్‌జీఎల్‌ఐ నామినీని మిల్‌కనెక్ట్ ద్వారా తెరుచుకునే సోయెస్ వ్యవస్థలో మీరే మార్చాలి. టీఎస్‌పీది దాని సొంత సైట్‌లో మార్చాలి. రికార్డులో ఎవరి పేరుంటే డబ్బు వారికే వెళుతుంది. ఎస్‌జీఎల్‌ఐ విషయంలో ఈ మాటను సుప్రీంకోర్టు 1981లోనే రిడ్జ్‌వే కేసులో చెప్పింది. ఇప్పుడు ఆ బీమా గరిష్ఠంగా 5,00,000 డాలర్లు. మార్చే ముందు మీ డిక్రీలో ఏముందో మాత్రం చదవండి. మాజీ భార్య పేరుతోనో పిల్లల పేరుతోనో బీమా కొనసాగించాలని అందులో ఉంటే దాన్ని పాటించండి.

జీఐ బిల్లు చదువు ప్రయోజనాన్ని ఆమెకు బదిలీ చేసి ఉంటే, విడాకులతో అది రద్దు కాదు. దాన్ని కొనసాగించాలో వద్దో తేల్చుకోవాల్సింది మీరే.

ప్రశ్న: నాకు ఎస్‌బీపీ (మాజీ భర్త మరణానంతరం వచ్చే పింఛను) ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. డీడీ 2656-10 ఫారం తెరిస్తే ‘దయచేసి వేచి ఉండండి’ అన్న పేజీ తప్ప ఏమీ రావడం లేదు. పింఛను వాటా కోసం డీడీ 2293 ఇప్పటికే పంపాను. అది సరిపోదా?

సరిపోదు. ఈ రెండూ వేరు. డీడీ 2293 ఆయన బతికున్నంత కాలం వచ్చే వాటా కోసం. ఆయన మరణంతో ఆ వాటా ఆగిపోతుంది. ఆ తర్వాత మీకు ఆధారమయ్యేది ఎస్‌బీపీ. ఎంచుకున్న మూల మొత్తంలో 55 శాతం నెలనెలా వస్తుంది. 55 ఏళ్ల లోపు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగుతుంది. కోర్టు ఆదేశించినా ఆయన నమోదు చేయించకపోతే మీరే చేయించుకోవచ్చు. కానీ ఎస్‌బీపీ ఇవ్వాలని చెప్పిన ఆదేశం తేదీ నుంచి ఏడాదిలోపు మీ అభ్యర్థన డీఫాస్‌కు చేరాలి. అదే విషయాన్ని మళ్లీ చెప్పే కొత్త ఆదేశం తెచ్చుకున్నా గడువు పెరగదు.

ఫారం చెడిపోలేదు. రక్షణ శాఖ ఫారాలు చాలావరకు బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ తెరుచుకోవు. లింకుపై కుడివైపు క్లిక్ చేసి ఫైలును కంప్యూటర్‌లో దాచుకోండి. తర్వాత అడోబీ రీడర్‌లో తెరవండి. నింపి, ముద్రించి, సంతకం చేయండి. కోర్టు ఆదేశం ఫోన్‌తో తీసిన ఫొటో అయితే చాలదు. కోర్టు క్లర్కు ధ్రువీకరించిన ప్రతి తెచ్చుకుని, ముద్ర, సంతకం, ప్రతి పేజీ స్పష్టంగా కనిపించేలా ఒకే పీడీఎఫ్‌గా స్కాన్ చేయండి. ఆస్క్‌డీఫాస్ పేజీలో అప్‌లోడ్ చేశాక వచ్చే నిర్ధారణ సంఖ్యను దాచుకోండి. కొన్ని వారాల్లో జవాబు రాకపోతే ఆ సంఖ్యతో ఫోన్ చేసి, అందింది అన్న మాట కాకుండా, ఎస్‌బీపీలో మాజీ భాగస్వామిగా మీ పేరు నమోదైందా అని అడగండి. నమోదైనట్టు రాతపూర్వకంగా తీసుకోండి.