ఆటలు – కీళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, కబడ్డీ రెయిడర్. నెలన్నర కిందట మ్యాచ్‌లో అవతలివాళ్లు చీలమండ పట్టి లాగినప్పుడు మోకాల్లో ‘టప్’మంది. గంటలోనే వాచిపోయింది. కట్టు కట్టించాం, వాపు దిగింది. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు గానీ గబుక్కున తిరిగితే మోకాలు పట్టు తప్పుతోందంటాడు. ఎమ్మారైలో ఏసీఎల్ పూర్తిగా తెగిందని వచ్చింది. ఆపరేషన్ తప్పదా? ఎలాంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: చప్పుడు, గంటలోపే వాపు, పట్టు తప్పడం: ఈ మూడూ కలిస్తే ఎమ్మారై తీయకముందే మోకాలి ఎముకలను కలిపి పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంట్ అయిన ఏసీఎల్‌ని అనుమానిస్తాం. అంత తొందరగా వాచిందంటే లోపల చేరింది నీరు కాదు, రక్తం. కబడ్డీలో తరచూ జరిగేదే ఇది. పాదం యాంకిల్ హోల్డ్‌లో ఇరుక్కుపోతుంది, ఒళ్లు మాత్రం మధ్యగీత వైపు తిరుగుతుంది. ఆ మెలి మొత్తం మోకాలి మీద పడుతుంది.

నడక రాగానే ‘అతుక్కుంది’ అనుకుంటారు. తిన్నగా నడవడానికి ఏసీఎల్‌తో పెద్దగా పని లేదు, అందుకే నడుస్తున్నాడు. ఆఫీసు, బండి, మామూలు నడక చాలనుకునేవారు ఫిజియోథెరపీతో తొడ కండరాలు గట్టిపరుచుకుని ఆపరేషన్ లేకుండా గడిపేయొచ్చు. మళ్లీ రెయిడింగ్‌కి వెళ్తానంటే మాత్రం ఆపరేషనే మేలు. అందాకా ఆట మాన్పించండి. మోకాలు జారిన ప్రతిసారీ మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) చిరిగే ప్రమాదముంది. ఎప్పుడైనా మోకాలు మడిచినచోటే ఇరుక్కుని చాపలేకపోతే ఇక ఆగకండి, చిరిగిన మెనిస్కస్ ముక్క కీలులో అడ్డుపడి ఉండొచ్చు.

ఆపరేషన్‌కి ముందు మోకాలు పూర్తిగా చాచగలగాలి, వాపు ఉండకూడదు. బిగుసుకున్న మోకాలికి చేస్తే తర్వాత ఇంకా బిగుసుకుంటుంది.

ఇక డాక్టరు సంగతి. ఎంబీబీఎస్ తర్వాత ఎమ్మెస్ ఆర్థో గానీ డీఎన్‌బీ ఆర్థో గానీ మూడేళ్లు. విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో ఆ మూడేళ్లూ ఎక్కువగా చేతికొచ్చేవి రోడ్డు ప్రమాదాలు, విరిగిన ఎముకలే. ఆర్థ్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే కీలు ఆపరేషన్లలో, చెయ్యి తిరగాలంటే ఆపైన ఫెలోషిప్ చేసి ఉంటే మంచిది. ఎండీ స్పోర్ట్స్ మెడిసిన్ వేరే చదువు. వారు ఆపరేషన్లు చేయరు, గాయాన్ని గుర్తించి మళ్లీ ఆట దాకా నడిపిస్తారు. బోర్డు మీద అక్షరాలు ఎక్కువున్నాయని మురిసిపోవద్దు. ఉదాహరణకు ఫుట్‌బాల్ మెడిసిన్‌లో ఫిఫా డిప్లొమా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకునే కోర్సు. మంచి కోర్సే, కానీ సర్జరీ నేర్పేది కాదు.

సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి: ఏడాదికి ఎన్ని ఏసీఎల్‌లు చేస్తారు? తెగినదాని స్థానంలో పెట్టే గ్రాఫ్ట్ ఎక్కణ్నుంచి తీస్తారు? తొడ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) తీసి మడతలు వేసి వాడితే మందం కనీసం 8 మిల్లీమీటర్లు ఉండేలా చూస్తారు. సన్నగా వస్తే ఏం చేస్తారో ముందే తెలుసుకోండి. మెనిస్కస్ చిరిగి ఉంటే కుడతారా, కత్తిరిస్తారా? కుట్టగలిగితే కుట్టడమే మంచిది, కోలుకోవడం కొంచెం ఆలస్యమైనా సరే. గ్రాఫ్ట్ మళ్లీ తెగడానికి ముఖ్య కారణాల్లో ఒకటి తొడ ఎముకలో గ్రాఫ్ట్ బిగించడానికి వేసే రంధ్రం సరైన చోట పడకపోవడం. అనుభవం అడగమనేది అందుకే.

ప్రశ్న: ఏసీఎల్ ఆపరేషన్ అయి 5 నెలలు. నొప్పి లేదు, పరుగెత్తుతున్నాను. వచ్చే నెల టోర్నమెంట్ ఆడొచ్చా?
– ఒక వాలీబాల్ ఆటగాడు, మధురవాడ

జవాబు: వద్దు. నొప్పి లేకపోవడం గ్రాఫ్ట్ గట్టిపడిందనడానికి గుర్తు కాదు. మోకాల్లో పెట్టిన స్నాయువు మొదట బలహీనపడి, కొత్త రక్తనాళాలు పట్టాక మెల్లగా లిగమెంట్‌లా మారుతుంది, అందుకు నెలలు పడుతుంది. 2016లో వెలువడిన డెలవేర్–ఓస్లో అధ్యయనంలో 9 నెలల వరకు ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే అవకాశం సుమారు సగం చొప్పున తగ్గింది. 9 నెలలు నిండినా క్యాలెండర్ ఒక్కటే చాలదు. తొడ ముందు కండరం బలంలోనూ, ఒంటికాలి గెంతు దూరంలోనూ రెండో కాలితో పోలిస్తే 90 శాతం రావాలి. గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందేమో ఫోన్‌లో వీడియో తీయించి ఫిజియోకి చూపించండి. స్పైక్ కొట్టి దిగేది మీరు, ఈ ఒక్క విషయం మీకు అన్నిటికన్నా ముఖ్యం.

ప్రశ్న: ఆర్కే బీచ్ ఇసుకలో రోజూ పరుగెత్తుతాను. మడమ పైన నరం ఉదయం లేవగానే పట్టేసినట్టుంటుంది, నొక్కితే నొప్పి. పోటీలు దగ్గరపడ్డాయి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోమంటున్నారు.
– ఒక రన్నర్, ఎంవీపీ కాలనీ

జవాబు: అది నరం కాదు, అకిలీస్ స్నాయువు. మెత్తటి ఇసుకలో మడమ లోపలికి దిగి స్నాయువు ప్రతి అడుగుకీ ఎక్కువ సాగుతుంది. అలల అంచున గట్టి ఇసుక ఉన్నా అక్కడ నేల సముద్రం వైపు వాలి ఉంటుంది, కాబట్టి రెండు కాళ్ల మీదా బరువు సమంగా పడదు. కొన్నాళ్లు చదునైన దారి మీదికి మారి దూరం తగ్గించండి.

మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమని మెట్టు కిందికి నిదానంగా దించండి. పైకి లేవడానికి రెండో కాలు వాడండి. 15 సార్లు చొప్పున 3 విడతలు మోకాలు చాచి, మరో 3 విడతలు కొద్దిగా వంచి. రోజుకు రెండు పూటలు, 12 వారాలు. కొద్దిపాటి నొప్పికి ఆపక్కర్లేదు. నొప్పి సరిగ్గా ఎముకకు అంటుకునే చోటే ఉంటే మడమని మెట్టు మట్టం కంటే కిందికి దించకండి.

ఇంజెక్షన్ మాత్రం ఒప్పుకోకండి, ఈ స్నాయువు తెగిపోయే ప్రమాదముంది. డోపింగ్ చిక్కు కూడా ఉంది. 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో గ్లూకోకార్టికాయిడ్ (మీకు చెప్పిన స్టెరాయిడ్ రకం) ఇంజెక్షన్లన్నీ, ఎక్కడ వేయించుకున్నా, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధంలో ఉన్నాయి. ఈ మధ్య జ్వరానికో విరేచనాలకో మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ కొని వాడారా? ఆ రకం యాంటీబయాటిక్స్ అకిలీస్‌ను దెబ్బతీయగలవు. వాడి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

ప్రశ్న: మోకాలికి తొడిగే నీ క్యాప్ వేసుకుంటే లిగమెంట్ తెగదంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, పెందుర్తి

జవాబు: కాదు. వెచ్చగా, ధైర్యంగా ఉంటుంది, అంతే. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి.