ముసలి గుర్రానికి కడుపులో పుండ్లు: మందుతో పాటు మేత కూడా మారాలి

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మాకు చిన్న తోట ఉంది. మా ఆడ గుర్రానికి 20 ఏళ్లు దాటాయి. ఒకప్పుడు పెళ్లి బరాత్‌లకు తిప్పేవాళ్లం, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటోంది. మోకాలి నొప్పికి కొన్నాళ్లు మాత్రలు వాడాం. తర్వాత దాణా ముట్టకపోవడం, పళ్లు కొరకడం మొదలైంది. ఎండోస్కోపీ చేసి కడుపులో పుండ్లున్నాయన్నారు. రెండు వారాలుగా యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ ఇస్తున్నాం. కాస్త తేరుకుంది గానీ ఒళ్లు పట్టడం లేదు. మందు ఆపేయొచ్చా? పొద్దున, సాయంత్రం మొక్కజొన్న, ఉలవ గుగ్గిళ్లు పెడుతున్నాం. మధ్యాహ్నం నేపియర్, రాత్రి కొంచెం వరిగడ్డి వేస్తున్నాం.

జవాబు: మందు ఇప్పుడే ఆపకండి. దాణా తింటోందంటే నొప్పి తగ్గిందని అర్థం, పుండు మానిందని కాదు. ఒమెప్రజోల్ సాధారణంగా 28 రోజులు వాడాలి. పుండు కడుపు కింది భాగంలో ఉంటే ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు, పుండు మీద పూతలా కప్పే సుక్రాల్‌ఫేట్ కూడా తోడు కావాలి. పూర్తయ్యాక కూడా ఒక్కసారిగా మానేస్తే యాసిడ్ మళ్లీ ఎగదన్నుతుంది. మీ డాక్టరును అడిగి మోతాదు మెల్లగా తగ్గించండి. మందును దాణాలో కలపొద్దు. తెల్లవారగానే ముందు మందు ఇచ్చి, ముప్పావు గంట ఆగి మేత వేయండి. క్యాప్సూల్ అయితే లోపలి గింజల్ని నూరకూడదు. నూరితే పైపూత పోయి, మందు పేగుల్లోకి చేరకముందే కడుపులోని యాసిడ్‌కు పాడైపోతుంది.

ఇక అసలు సంగతి మేత. గుర్రం కడుపులో యాసిడ్ రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. దాన్ని విరిచేది లాలాజలం. అది నమిలినప్పుడే ఊరుతుంది. గేదె అయితే తీరిగ్గా పడుకుని నెమరు వేస్తుంది, గుర్రానికి నెమరు లేదు. మీరు సాయంత్రం దాణా పెట్టి, రాత్రికి కొంచెం వరిగడ్డి వేస్తే అది కాసేపట్లో అయిపోతుంది. ఆ తర్వాత తెల్లవారేదాకా ఖాళీ కడుపులో యాసిడ్ పుండు మీదే పడుతుంటుంది. అందుకే ఒళ్లు పట్టకపోవడానికి ముందుగా ఈ ఖాళీ వేళల్నే అనుమానిస్తాను.

400 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 6 కిలోల ఎండు మేత పడాలి, 8 అయితే మరీ మంచిది. ఎండబెట్టిన గరిక గానీ ఓట్స్ గడ్డి గానీ చిన్న కన్నుల వలలో వేసి వేలాడదీయండి, రాత్రంతా కొద్దికొద్దిగా లాక్కుని తింటుంది. లూసర్న్ కూడా చేర్చండి, అందులోని కాల్షియం, మాంసకృత్తులు యాసిడ్‌ను విరుస్తాయి. పచ్చిదైతే రోజుకు 5, 6 కిలోలు చాలు. ఎక్కువైన కాల్షియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. ముసలి గుర్రం కాబట్టి ముందుగా ఒకసారి రక్తపరీక్షతో కిడ్నీలు బాగున్నాయో లేదో చూపించండి. ఏ మేతనైనా పది రోజుల్లో మెల్లగా మార్చండి.

నేపియర్ తగ్గించేయండి. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. నెలల తరబడి అదే పెడితే ఎముకలు గుల్లబారి, ముఖం ఎముక ఉబ్బి, కుంటు కూడా వస్తుంది. మోకాలి నొప్పి వెనక ఇదీ ఉందేమో డాక్టరుతో మాట్లాడండి. నేపియర్‌కు బదులు పచ్చి జొన్న మాత్రం వేయొద్దు, గుర్రాలకు మూత్రాశయం దెబ్బతింటుంది. మొక్కజొన్న పూటకు అరకిలో దాటకూడదు. నిజానికి ఈ వయసులో పూర్తిగా మానేసినా నష్టం లేదు. ఆ బలం కోసం దాణాలో కొద్దిగా వంటనూనె కలపండి, మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు.

ఇంత చేసినా నమలగలిగితేనే ఫలితం. రేపు పొద్దున తొట్టి కింద చూడండి. సగం నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు పడి ఉంటే, పేడలో పొడవాటి గడ్డి పోచలు, అరగని గింజలు కనిపిస్తే, లోపం దవడ పళ్లలో ఉంది. వయసు మీద పడిన గుర్రాల్లో పళ్లు అరిగి ఊడతాయి, లేదా అంచులు పదునుదేరి బుగ్గను కోస్తాయి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లి, నోరు తెరిపించి దవడ చివరిదాకా చూడమని అడగండి. పదును అంచులు రాసి సరిచేస్తే చాలాసార్లు నెల తిరగకుండానే తేడా తెలుస్తుంది. పళ్లే లేకపోతే లూసర్న్ పెల్లెట్లను మెత్తబడేదాకా నానబెట్టి, రోజుకు నాలుగైదుసార్లుగా పెట్టండి. పేడ పరీక్ష చేయించి నులిపురుగుల మందు సంగతి కూడా తేల్చుకోండి. ఎండాకాలంలో కూడా పాత బొచ్చు రాలకుండా గుబురుగా ఉంటే హార్మోన్లు గతి తప్పే కుషింగ్స్ జబ్బు అయి ఉండొచ్చు, ఆ మాట డాక్టరు చెవిన వేయండి.

మోకాలి మాత్రలు మళ్లీ మీ అంతట మీరు వేయొద్దు. ఫెనైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందులు కడుపు లోపలి రక్షణ పొరను దెబ్బతీస్తాయి. నొప్పి ఎక్కువైతే వేరే మార్గం డాక్టరే చెప్పాలి. వంట సోడా, మజ్జిగ లాంటి ఇంటి వైద్యాలు ఒకటి రెండు గంటల ఉపశమనం తప్ప పుండును మాన్పవు. తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఒంటరిగా కట్టేయకుండా కాసేపు తోటలో వదలండి. నడిపించే ముందు గుప్పెడు లూసర్న్ తినిపిస్తే యాసిడ్ పైకి చిమ్మదు.

మందు 28 రోజులు పూర్తయ్యాక మరోసారి ఎండోస్కోపీ చేయించుకోండి. ఈలోగా పదేపదే పొర్లుతున్నా, పక్కల వైపు తిరిగి చూసుకుంటున్నా, పేడ నల్లగా పడినా, చిగుళ్లు పాలిపోయినా ఆగొద్దు, ఆ గంటలోనే డాక్టరును పిలిపించండి.