పది పని దినాలకు ముగింపు తేదీ ముందే వస్తోందంటే

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో తేదీకి రోజులు కలపడానికి వాడే డేట్_యాడ్ ఫంక్షన్ కలిపేది క్యాలెండర్ రోజులను, పని దినాలను కాదు. అందుకే 2025 ఆగస్టు 11న మొదలయ్యే పనికి పది పని దినాల గడువు తేలుద్దామని ఆ తేదీకి 10 కలిపితే మీకు 21 వచ్చింది. మధ్యలోని శని, ఆదివారాలు, 15వ తేదీ సెలవు కూడా లెక్కలో చేరిపోయాయి.

1. తేదీకి ఒక వరుస చొప్పున క్యాలెండర్ టేబుల్ చేసుకోండి. తేదీ, పని దినం అనే రెండు కాలమ్‌లు చాలు.
2. పని దినాలకు 1, సెలవులకు 0 నింపండి. రెండో శనివారం మాత్రమే సెలవిచ్చే ఆఫీసైనా ఇబ్బంది లేదు. ఫార్ములా కన్నా టేబులే మేలని నేననేది ఇందుకే.
3. ప్రారంభ తేదీ నుంచి 1 ఉన్న వరుసలను మాత్రమే తీసుకుని, ఆర్డర్ బై తేదీ (తేదీ క్రమంలో పేర్చడానికి), లిమిట్ 1 (ఒక్క వరుసే తీసుకోవడానికి), ఆఫ్‌సెట్ 9 (ముందున్న తొమ్మిది వరుసలు దాటడానికి) ఇవ్వండి.

చాలామంది పొరబడేది ఆ 9 దగ్గరే. పని మొదలుపెట్టిన రోజే ఒకటో రోజు కాబట్టి దాటవలసినవి తొమ్మిది వరుసలే. 11 నుంచి 14 వరకు నాలుగు, 18 నుంచి 22 వరకు ఐదు, పదోది 25. ఆఫ్‌సెట్ 10 అని రాస్తే 26 వస్తుంది.

పని సాయంత్రం చేతికొస్తే ఆఫ్‌సెట్ మార్చవద్దు, ప్రారంభ తేదీని మర్నాటికి జరపండి.

ఆర్డర్ బై మాత్రం వదలకండి. అది లేకుండా వరుసలు తేదీ క్రమంలోనే వస్తాయన్న హామీ లేదు.