6 ఏళ్ల పర్చేజ్ అనుభవంతో జర్మనీలో సప్లై చైన్ ఉద్యోగం దొరుకుతుందా?

మీరు అడిగింది: వయసు 33, కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, జీడిమెట్లలో బల్క్ డ్రగ్ కంపెనీలో ముడిసరుకుల కొనుగోలు 6 ఏళ్లు, జర్మన్ రాదు. ఆపర్చునిటీ కార్డు (అక్కడికెళ్లి ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ ఇచ్చే అనుమతి) మీద వెళ్లొచ్చా, వెళ్లే ముందు ఏ సర్టిఫికెట్ చెయ్యాలి?

వెళ్లొచ్చు, ఉద్యోగమూ దొరుకుతుంది. కానీ సర్టిఫికెట్ చూసి ఎవరూ ఇవ్వరు. సిప్స్ (కొనుగోలు వృత్తికి బ్రిటన్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్) లాంటివి గల్ఫ్, బ్రిటన్ ప్రకటనల్లో కనిపిస్తాయి, జర్మనీలో అరుదు. ఆ డబ్బు జర్మన్ క్లాసుకు పెట్టండి.

కార్డు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2024 జూన్ 1 నుంచి అమల్లో ఉంది, ఏడాది గడువు, 6 పాయింట్లు కావాలి. గత 7 ఏళ్లలో 5 ఏళ్ల అనుభవానికి 3, వయసు 35 లోపు ఉంటే 2, ఇంగ్లిష్ సీ1 (ఉన్నత) స్థాయికి 1. మీకు సరిగ్గా 6 వస్తాయి. ఐఎల్టీఎస్‌లో 7 వస్తే సీ1 కిందే లెక్క. జర్మన్ ఏ2 (ప్రాథమిక స్థాయి) చదివితే ఇంకో పాయింటు చేతిలో ఉంటుంది. ఇక్కడ చాలామంది పట్టించుకోని షరతు ఒకటుంది: ఆ అనుభవానికి మీ చదువుతో సంబంధం ఉండాలి. 'పర్చేజ్ ఎగ్జిక్యూటివ్‌గా పనిచేశారు' అని ఒక్క ముక్కలో ఉన్న ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తో కెమిస్ట్రీకి, కొనుగోలుకు ఏం సంబంధమో వీసా అధికారికి అర్థం కాదు. సాల్వెంట్లు, ఇంటర్మీడియెట్ల (మందు తయారీలో మధ్య దశ రసాయనాల) స్పెసిఫికేషన్లు పరిశీలించడం, వెండర్ శాంపిళ్ల ఆమోదం, ఆడిట్లు, ఇవన్నీ లెటర్‌లో రాయించుకోండి. మీ హెచ్‌ఆర్ 'మా ఫార్మాట్ ఇదే' అంటే మీ మేనేజర్ సంతకంతో విడిగా పనుల వివరం తీసుకోండి.

డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ అనాబిన్ (విదేశీ డిగ్రీల జర్మన్ డేటాబేస్) జాబితాలో హెచ్ ప్లస్‌గా, అంటే గుర్తింపు ఉన్నదిగా ఉందో లేదో చూసుకోండి. మీ కోర్సు అక్కడ లేకపోతే జెడ్‌ఏబీ అనే సంస్థ నుంచి పోలిక పత్రం తెచ్చుకోవాలి, ఫీజు 208 యూరోలు. బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతే అని తీసుకోగల ఖాతాలో) 2025 లెక్క ప్రకారం నెలకు 1,091 చొప్పున ఏడాదికి 13,092 యూరోలు చూపించాలి. కార్డు మీద వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు. రెండు వారాల దాకా ట్రయల్‌గా పనిచేసే వీలు కూడా ఉంది, ఆ రెండోదాన్ని వదలకండి.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్లు జాబ్ పోర్టల్లో 'పర్చేజ్ ఎగ్జిక్యూటివ్', 'ఎస్‌సీఎం ఎగ్జిక్యూటివ్' అని వెతికి ఏమీ లేవనుకుంటారు. అక్కడ ఆ పేర్లు ఉండవు. కొనేవాడు ఐన్‌కాయ్‌ఫర్. అందులో ఆపరేటివర్ అంటే పీవోలు (పర్చేజ్ ఆర్డర్లు) వేసి, డెలివరీల వెంటపడి, ఇన్‌వాయిస్ తేడాలు సరిచేసే పని. స్ట్రాటేగిషర్ అంటే కేటగిరీ చూసుకుంటూ వెండర్లను ఎంచి, రేటు, కాంట్రాక్టు మాట్లాడే పని. ప్లానింగ్ చేసేవాడు డిస్పోనెంట్. ఆపరేటివర్ పనికి జర్మన్ బీ2 (సీ1 కంటే ఒక మెట్టు కింద) లేనిదే పిలవరు, ఎందుకంటే రోజంతా లోకల్ ట్రాన్స్‌పోర్టర్‌తో, గోడౌన్‌తో ఫోన్‌లో జర్మన్‌లోనే మాట్లాడాలి. స్ట్రాటేగిషర్ పనికి, అదీ ఇండియా, చైనాల నుంచి సరుకు తెచ్చే కంపెనీల్లో, ఇంగ్లిష్‌తో తలుపు తెరుచుకుంటుంది. మీ ఆరేళ్లలో పనిభాగం ఆపరేటివ్‌దే ఎక్కువ ఉన్నా, సీవీ మాత్రం రెండోదాని చుట్టూ కట్టండి. అబద్ధం రాయమని కాదు. ఏ కేటగిరీలు, ఏడాదికి ఎన్ని కోట్ల కొనుగోలు (యూరోల్లో కూడా), ఎందరు వెండర్లు, ఎందరిని కొత్తగా తెచ్చారు, ఏ రేటు నుంచి ఏ రేటుకు దించారు, ఇవి ముందు రావాలి. పెరగబోయిన రేటును ఆపడం వేరు, ఉన్న రేటును తగ్గించడం వేరు. రెండూ కలిపి 'సేవింగ్స్' అని రాస్తే మొదటి రౌండ్‌లోనే పట్టుకుంటారు. వెండర్ పేర్లు, అసలు రేట్లు మాత్రం రాయొద్దు. పాత కంపెనీ రహస్యం బయటపెట్టినవాడిని కొనుగోలు కుర్చీలో ఎవరూ కూర్చోబెట్టరు.

ఇంటర్వ్యూలో ఎక్కువగా నడిచే లెక్క ఒకటి చెబుతాను, దీని మీదే చాలామంది పోతారు. బల్ల మీద రెండు కొటేషన్లు. ఒక ఇంటర్మీడియెట్, హైదరాబాద్ నుంచి కిలో 40 యూరోలు, ఎఫ్‌సీఏ, అంటే అక్కడ రవాణాదారుకు అప్పగించేదాకే అమ్మేవాడి ఖర్చు. ఇటలీ నుంచి కిలో 46, డీఏపీ, అంటే ఫ్యాక్టరీ గేటు దాకా వాళ్లే దింపుతారు. ఏది కొంటారు?

1,000 కిలోలు తీసుకుందాం, 25 కిలోల డ్రమ్ములు 40. సరుకు 40,000. ఓడ, ఇన్సూరెన్స్ 2,000 అనుకుంటే 42,000. దాని మీద కస్టమ్స్ సుంకం 6.5 శాతం అంటే 2,730. క్లియరెన్స్, లోపలి లారీ 900. కొత్త వెండర్ కాబట్టి పూర్తి టెస్టింగ్ 1,500. మొత్తం 47,130, కిలోకు 47.13. ఇటలీవాడే చవక. 19 శాతం దిగుమతి వ్యాట్‌ను ఖర్చులో కలిపేస్తే తప్పు, అది కంపెనీకి తిరిగొస్తుంది, కొన్నాళ్లు డబ్బు ఇరుక్కుంటుంది అంతే.

అదే 5,000 కిలోలైతే? సరుకు 2,00,000, ఓడ 4,000, సుంకం 13,260, క్లియరెన్స్ 1,200, టెస్టింగ్ అదే 1,500. మొత్తం 2,19,960, కిలోకు 44 లోపే. ఇప్పుడు హైదరాబాద్ చవక, 10,000 యూరోలు మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ ఏడాది అవసరమే 5,000 కిలోలైతే ఒకేసారి తెచ్చి గోడౌన్‌లో పెట్టినట్టు. సగటు నిల్వ 1,10,000 యూరోలు, దాన్ని మోసే ఖర్చు 10 శాతం అనుకుంటే 11,000. ఇటలీ నుంచి వెయ్యేసి కిలోలు తెచ్చుకుంటే అదే ఖర్చు 2,300. అంటే మిగులులో 8,700 నిల్వకే పోయింది. అదే ఏడాదికి 20,000 కిలోలు వాడితే హైదరాబాద్ నుంచి మూడు నెలలకోసారి ఇదే 5,000 తెచ్చుకోవచ్చు. నిల్వ ఖర్చు పెరగదు, మిగులు మాత్రం 40,000 అవుతుంది. ఏడాది అవసరం ఎంతో అడక్కుండా 'ఇండియా చవక' అన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఇంకో ప్రశ్న ఉంది, అది హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లే బాగా అడగగలరు: రీచ్ (యూరప్ రసాయనాల చట్టం) రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంది? యూరోపియన్ యూనియన్‌లోకి ఏడాదికి 1 టన్ను, అంతకు మించి కెమికల్ వస్తే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దిగుమతి చేసుకునే కంపెనీ అయినా చేయించాలి, లేదా మన సప్లయర్ తరఫున అక్కడుండే ఓన్లీ రిప్రజెంటేటివ్ అయినా చేయించాలి. మందుల్లో వాడే ఏపీఐకి (మందులో అసలు పనిచేసే పదార్థానికి) మినహాయింపు ఉంది, ఇంటర్మీడియెట్‌కు లేదు. కానీ ఏపీఐకి తయారీ ప్రమాణాలు యూరప్‌కు సమానమని మన ప్రభుత్వ అధికారి ఇచ్చే రిటెన్ కన్ఫర్మేషన్ కావాలి, 2013 జూలై నుంచి ఇది నియమం. ఆ పత్రం ఎవరి దగ్గర, ఎన్నాళ్లకు వస్తుందో జీడిమెట్ల, పాశమైలారం, పరవాడల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. ఆ బల్ల అవతల కూర్చున్నవాళ్లకు అది కాగితం మీదే తెలుసు. మీ విలువ అక్కడుంది. ఎర్ర సముద్రం బదులు ఆఫ్రికా చుట్టూ తిరిగితే ఓడకు దాదాపు రెండు వారాలు కలుస్తుందనీ, సనత్‌నగర్ డిపో నుంచి కంటైనర్ ముంబై దగ్గరి నవషేవా రేవు చేరడానికి పట్టే రోజులనూ లీడ్ టైమ్‌లో చేర్చి చెప్పండి.

అందుకే దరఖాస్తులు గాలికి వందలు వదలొద్దు. ఇండియా నుంచి కొనే కంపెనీలనే పట్టుకోండి. సీపీహెచ్‌ఐ అనే ఫార్మా ప్రదర్శన 2025 అక్టోబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగింది, అందులో పాల్గొన్న కంపెనీల జాబితా ఎవరైనా చూడొచ్చు. జర్మన్ డిస్ట్రిబ్యూటర్లు, ట్రేడర్లు ఎవరో ఏరుకుని వాళ్లకు నేరుగా రాయండి. హాంబర్గ్‌లో కెమికల్ ట్రేడింగ్ కంపెనీలు చాలా ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోక్స్ట్, లుడ్విగ్స్‌హాఫెన్, లెవర్‌కూజెన్, డార్మ్‌స్టాట్ కెమికల్, ఫార్మా ఊళ్లు. మెయిల్ పది లైన్లు దాటకూడదు, మొదటి లైన్‌లోనే కేటగిరీ, విలువ ఉండాలి.

ఒక మాట బాధతోనే చెబుతున్నాను. అమీర్‌పేట్‌లో శాప్ ఎమ్ఎమ్ (కొనుగోలు, నిల్వల సాఫ్ట్‌వేర్) నేర్పి, దాంతోపాటు మూడేళ్ల దొంగ అనుభవం కూడా అంటగట్టేవాళ్లు ఉన్నారు. అలా వెళ్లినవాళ్లకు ఎండీ04 స్క్రీన్ (నిల్వ, అవసరాల జాబితా) తెరిచి, ఈ మెటీరియల్‌కు కొరత ఎందుకు చూపిస్తోందో చెప్పమంటే నోరు పెగలదు. వాళ్ల వల్ల నిజంగా పనిచేసినవాళ్ల మాట కూడా నమ్మరు. జాబ్ ఆఫర్ ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లదీ అదే కథ. ఆఫర్ ఇవ్వడానికి అసలు కంపెనీ మీ దగ్గర రూపాయి తీసుకోదు.

జీతం నెలకు కాదు, ఏడాదికి గ్రాస్ ఎంతో చెప్పాలి. 2025లో బ్లూ కార్డుకు (నిపుణులకిచ్చే ఉద్యోగ అనుమతికి) కనీసం 48,300 యూరోలు, కొరత ఉన్న వృత్తులకు 43,759.80. అంకె ఏటా మారుతుంది కాబట్టి సంతకం పెట్టే ఏడాదిది చూసుకోండి. ఆఫర్ ఈ గీతకు కాస్త కింద ఉంటే ఆ మాటే చెప్పి అడగండి, కొన్ని వందల యూరోల దగ్గర వీసా ఆగిపోవడం వాళ్లకూ ఇష్టం ఉండదు.

మీ 90 రోజుల నోటీసు గురించి కంగారు వద్దు. జర్మనీలోనూ మూడు నెలల నోటీసు మామూలే, దానికోసం ముందే రాజీనామా చేసి కూర్చోకండి.