గొలుసు తాకట్టు వద్దు, తోడు పనిచేసేవారు కావాలి

ప్రశ్న: మా అమ్మాయి బీఏ మాస్ కమ్యూనికేషన్ చివరి సంవత్సరంలో ఉంది. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవారి మీద సొంతంగా డాక్యుమెంటరీ తీస్తానంటోంది. కెమెరా కొనిమ్మని, ఏడాదిపాటు ఉద్యోగం మాట ఎత్తవద్దని అడుగుతోంది. నా గొలుసు తాకట్టు పెట్టి కొనివ్వనా? ఇందులో బతుకుతెరువు ఉంటుందా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, గొలుసు మెడలోనే ఉండనివ్వండి. కెమెరాలు, లెన్సులు, మైకులు కృష్ణానగర్ వైపు రోజు లెక్కన అద్దెకు దొరుకుతాయి. అలాగని అమ్మాయి కోరికను తేలిగ్గా తీసుకోకండి. తనకు చెప్పవలసింది వేరే ఉంది.

ఈ వారం మీరిద్దరూ కూర్చుని ఏదైనా మంచి డాక్యుమెంటరీ చివర వచ్చే పేర్లను ఆపి ఆపి చదవండి. దర్శకుడి తర్వాత శబ్దం పట్టినవారు, ఎడిటర్, పరిశోధకులు, సంభాషణలను కాగితం మీద పెట్టినవారు, సబ్‌టైటిళ్లు రాసినవారు, అనుమతులు తెచ్చినవారు, లెక్కలు చూసినవారు వరుసగా వస్తారు. మీ అమ్మాయి బతుకుతెరువు ఆ వరుసలోనే ఉంది.

లక్క గాజుల సంగతే చూడండి. నిప్పుల వేడికి మెత్తబడిన లక్కను సాగదీసి, గుండ్రంగా వంచి, రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. ఆ సెగలో కూర్చున్న మనిషిని ఫ్యాను ఆపమని ఎలా అడుగుతాం? ఆపకపోతే దాని రొద మాటలను మింగేస్తుంది. మైకును చొక్కాకు ఎక్కడ తగిలించాలో, సంభాషణ అయ్యాక అందరినీ అర నిమిషం మౌనంగా ఉంచి ఆ గది చప్పుడును ఎందుకు విడిగా రికార్డు చేయాలో తెలిసినవారు పక్కన ఉండాలి. అక్కడ చాలామంది మాట్లాడేది దక్కనీ ఉర్దూ. అందులోని చమత్కారం చెడకుండా తెలుగులోకి, ఇంగ్లిష్‌లోకి తేగలవారు లేకపోతే ఎడిటర్ ఎక్కడ కత్తిరించాలో కూడా తెలియదు. పదుల గంటల దృశ్యాల్లోంచి గంట సినిమాను ఏరి తీసే ఎడిటర్‌ను నేనైతే రెండో దర్శకుడనే అంటాను.

అందుకే ముందు ఎడిటింగో, శబ్దగ్రహణమో చేతిపనిగా నేర్చుకోమనండి. డాక్యుమెంటరీ దర్శకత్వం ఒక్కదాని మీదే ఇల్లు నడిపేవారు మన దగ్గర అరుదు, ఈ మాట దాచను. ఎడిటింగ్ వచ్చినవారికి టీవీ, స్వచ్ఛంద సంస్థల చిత్రాలు, ప్రకటనల పని దొరుకుతుంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్, శబ్దగ్రహణం రెండింటికీ కోర్సులున్నాయి. ఇక్కడే ఉండాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్ ఉంది.

చదువు కంటే ముందు ఒకసారి జహీరాబాద్ వెళ్లి రమ్మనండి. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళా రైతులు కెమెరా పట్టి తమ పంటల గురించి తామే సినిమాలు తీశారు. ఆ వెనుక ఉన్నది ఏళ్ల తరబడి నిలిచిన సంఘబలం. నగరంలోనైతే బంజారాహిల్స్‌లోని సాంస్కృతిక వేదిక లామకాన్‌లో డాక్యుమెంటరీలు వేసినప్పుడు వెళ్లాలి. సినిమా అయ్యాక జరిగే చర్చలో పరిచయమైనవారే రేపు తోడు వస్తారు.

డబ్బు ఒక్క చోటు నుంచి రాదు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళారంగంలో పనికి గ్రాంట్లు ఇస్తుంది. కోల్‌కతాలో జరిగే డాక్‌ఎడ్జ్ వేదిక మీద పూర్తికాని సినిమాను నిర్మాతల ముందు వివరించవచ్చు. 1948లో పుట్టిన ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసింది కాబట్టి ప్రభుత్వ పథకాల కోసం అక్కడ చూడాలి. ఎవరిని అడిగినా ముందు కథాంశం, కొన్ని నిమిషాల దృశ్యాలు, ఖర్చుల పట్టిక చూపమంటారు.

ఏడాది గడువు ఇవ్వండి. అందులో నాలుగు నెలలు వేరొకరి సినిమాకు సహాయకురాలిగా పనిచేయాలని షరతు పెట్టండి. స్నేహితులు వచ్చి పనిచేస్తే, తక్కువైనా సరే, ఇచ్చే మొత్తాన్ని ముందే కాగితం మీద రాసుకోవాలి. గాజులు చేసేవారి సమ్మతి కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి, వారికి చదివి వినిపించాకే.

మీరు ఒక్క ఖర్చు మాత్రం భరించండి: రెండు హార్డ్ డిస్కులు. తీసిన దృశ్యాలను ఏ రోజువి ఆ రోజే రెండింటిలోకీ ఎక్కించాలి. ఒకటి అమ్మాయి దగ్గర, ఇంకొకటి మీ బీరువాలో, ఆ గొలుసు పక్కనే.