ఉడుముకూ గిజిగాడికీ పోలిక

సందేహం: "ఉడుము పొడవు గిజిగాడు కంటే పది రెట్లు ఎక్కువ. గిజిగాడు గూడు అల్లుతాడు." ఈ రెండు వాక్యాలూ తప్పేనని ఒకరన్నారు. ఎక్కడ తప్పు?

సమాధానం: రెండో వాక్యం తేలిక, ముందు దాని సంగతి చూద్దాం. పేరులో 'గాడు' ఉన్నంత మాత్రాన గిజిగాడు మహద్వాచకం (మగవారిని చెప్పే మాట) కాదు. స్త్రీలు, తిర్యక్కులు (పశుపక్ష్యాదులు), జడాలు (ప్రాణం లేనివి) కానివే మహత్తులని 'బాలవ్యాకరణం' రాసిన చిన్నయసూరి సూత్రం. పక్షి తిర్యక్కు కనుక 'అల్లుతుంది' అనాలి. గూడు అల్లేది మగపక్షే అయినా ఇంతే. పిల్లల కథలో అది మనిషిలా మాట్లాడితే 'అన్నాడు' అనడానికి అభ్యంతరం లేదు. రూపాలు మాత్రం డుమంతాల ('డు'తో ముగిసే మాటల) తీరే: గిజిగాడి, గిజిగాడికి, గిజిగాళ్లు. పేరు 'వాడు'లా మారుతుంది, క్రియ 'అది'తో నడుస్తుంది.

మొదటి వాక్యంలో చిక్కులు మూడు. 'కంటే'కు ముందు ఔపవిభక్తిక రూపం, అంటే విభక్తి చేరే ముందు మాట మారే రూపం, ఉండాలి. 'వాడు కంటే' అనం కదా, 'వాడి కంటే' అంటాం. అలాగే 'గిజిగాడి కంటే'. ఉడుము, పిచ్చుక వంటి మాటలు ఏకవచనంలో మారవు కాబట్టి ఈ తప్పు వాటి దగ్గర కనపడదు. 'కన్నా'కూ ఇదే పద్ధతి.

రెండోది, పొడవును తెచ్చి పక్షితో పోల్చారు. 'ఉడుము గిజిగాడి కంటే పొడవు' అనండి, లేదా పొడవును పొడవుతోనే పోల్చండి. తోకల దగ్గర ఇది మరీ ఇబ్బంది. 'ఉడుము తోక గిజిగాడి కంటే పొడవు' అంటే తోక ఒక్కటే మొత్తం పక్షిని మించిందని అర్థం. అదీ నిజమే, పెద్ద ఉడుము తోకే మీటరు దాకా ఉంటుంది! కానీ రెండు తోకలను పోల్చాలనుకుంటే 'గిజిగాడి తోక కంటే' అని రాయక తప్పదు.

మూడోది లెక్క. గిజిగాడు సుమారు 15 సెంటీమీటర్లు; దానికి పది రెట్లు 150. 'కంటే పది రెట్లు ఎక్కువ' అంటే ఆ 150 అదనమనీ, మొత్తం 165 అనీ లెక్కగట్టేవారుంటారు. 'కంటే' తీసేసి 'కు' వేయండి: 'ఈ ఉడుము పొడవు గిజిగాడి పొడవుకు పది రెట్లు'. తిరగేసి చెప్పాల్సి వస్తే 'పది రెట్లు చిన్నది' వద్దు, 'పదో వంతు' చాలు.

మీరు అడగలేదు గానీ, ఇలాంటి పోలికల్లో 'మరింత' కూడా తరచు దొర్లుతుంది. 'ఉడుము గిజిగాడి కంటే మరింత పెద్దది' అంటే గిజిగాడూ పెద్దదేనన్న ధ్వని వస్తుంది. మూడు మీటర్ల దాకా పెరిగే కొమోడో డ్రాగన్‌ను ఉడుముతో పోల్చేటప్పుడైతే ఆ మాట చక్కగా అతుకుతుంది.